ఉదయపు వంట, మధ్యాహ్నపు సద్ది: పనిచేసే మహిళల ఇళ్లలో ఆహార సురక్షితత

తెలుగులో ‘ఆహార భద్రత’ అనే మాట రెండు వేర్వేరు విషయాలకు వాడుకలో ఉంది. 2013 నాటి చట్టం పేదలకు తిండిగింజలు అందే హక్కుకు సంబంధించినది. 2006 నాటి చట్టం తినే పదార్థం హాని చేయకుండా చూడడానికి ఉద్దేశించినది. రెండింటికీ మనం ఆ మాటనే వాడుతున్నాం. సర్వేకు వెళ్లినవారు ‘ఆహార భద్రత గురించి తెలుసా?’ అని అడిగితే ఇల్లాలు రేషన్ బియ్యం సంగతి చెప్పడంలో ఆశ్చర్యమేముంది? రెండవ అర్థానికి ఇక్కడ ‘ఆహార సురక్షితత’ అనే మాట వాడుతున్నాం.

హుజూరాబాద్ కరీంనగర్–వరంగల్ రహదారిపై ఉంది. బడికి, ఆసుపత్రికి, కార్యాలయానికి బస్సెక్కే ఉద్యోగినులే కాదు, చుట్టుపక్కల ఊళ్లలో వరినాట్లకు, పత్తి ఏరడానికి వెళ్లే స్త్రీలూ పనిచేసే మహిళలే. జీతానికీ కూలికీ తేడా ఉన్నా వంటవేళ ఇద్దరికీ దాదాపు ఒకటే. తెల్లవారుజామున ఐదింటికి వండిన అన్నాన్ని ఒంటిగంటకు తింటే నడుమ ఎనిమిది గంటలు గడుస్తాయి. మిగిలినది రాత్రికి.

వండిన పదార్థాన్ని గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. 20 నిమిషాలకొకసారి రెట్టింపయితే ఒక్క కణం నాలుగు గంటల్లో 4,096 అవుతుంది. అన్నంలో మరో చిక్కు ఉంది. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ సిద్ధబీజాలు ఉడికినా చావవు. అన్నం నెమ్మదిగా చల్లారుతున్నప్పుడు మొలకెత్తుతాయి. అవి విడుదల చేసే, వాంతులు కలిగించే విషం మళ్లీ వేడిచేసినా నశించదు. ‘రాత్రి మరోసారి మరిగించాం కదా’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. వేడి అన్నాన్ని స్టీలు డబ్బాలో కుక్కి మూత బిగించినప్పుడు అది ప్రమాదకర ఉష్ణోగ్రతల్లోనే చాలాసేపు ఉంటుంది. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో పరిస్థితి మరింత విషమం.

మన పెద్దలు ప్రయాణానికి పులిహోర కట్టడం రుచి కోసమే కాదు. చింతపండు పులుపు, మజ్జిగ కలిపిన సద్దిలోని లాక్టిక్ ఆమ్లం సూక్ష్మజీవుల ఎదుగుదలను మందగింపజేస్తాయి. ఉత్త అన్నానికి ఆ రక్షణ లేదు.

కూలికి వెళ్లేవారి విషయంలో చేతులే పెద్ద సమస్య. పురుగుమందు కొట్టిన పత్తిచేలో పనిచేసిన చేతులను కాసిన్ని నీళ్లతో తడిపి సద్ది విప్పడం మామూలే. సబ్బు వాడాలని వారికి తెలియక కాదు; చేను గట్టున నీళ్లంటే తాగడానికి తెచ్చుకున్న సీసానే. ఆదివారం మాంసం కోసిన కత్తిపీటపైనే కూరగాయలు తరగడం మాత్రం ఇందుకు భిన్నమైనది. అక్కడ కడిగే నీరూ ఉంది, సబ్బూ ఉంది, లోపించినది అవగాహనే.

విస్తరణ పనిలో ఈ తేడాను గుర్తించాలి. ‘చేతులు సబ్బుతో కడుగుతారా?’ అన్న ప్రశ్నకు ఎవరైనా అవుననే అంటారు. ప్రశ్నావళిలో ‘జ్ఞానం’, ‘ఆచరణ’ రెండూ నోటిమాటపైనే ఆధారపడితే వాటి మధ్య సహసంబంధం సహజంగానే బలంగా కనబడుతుంది. ఒక పూట వంటింట్లో కూర్చొని పరిశీలించడం, డబ్బా తెరిచే వేళకు అన్నంలో థర్మామీటరు పెట్టి చూడడం ఎంతో మేలు. జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రం ఇక్కడికి దగ్గరే. స్టీలు డబ్బాలోనూ, ముందుగా మరిగే నీటితో వేడిచేసిన హాట్‌ప్యాక్‌లోనూ ఒకే అన్నాన్ని పెట్టి గంటగంటకూ ఉష్ణోగ్రతను మహిళల చేతే నమోదు చేయించే ప్రదర్శనకు ఖర్చు స్వల్పం, పట్టేది ఒక్క పూట.