లోపలి నుంచి చూసి వేసే స్టెంటు

గుండె రక్తనాళంలో బ్లాక్ ఉందనగానే ఇంట్లోవాళ్లు ముందు అడిగేది ఏ కంపెనీ స్టెంటు, ఎంతవుతుంది అనే. నిజానికి ఇప్పుడు వాడుతున్న పేరున్న మందుపూత స్టెంట్ల మధ్య తేడా స్వల్పం. ఏ సైజుది ఎంచారు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వేశారు, అది పూర్తిగా విచ్చుకుందా అన్నవాటి మీదే ఫలితం ఎక్కువగా ఆధారపడుతుంది. ఈ కొలతలను చాలాచోట్ల యాంజియోగ్రామ్ చూసి కంటి అంచనాతోనే తీసుకుంటారు. యాంజియోగ్రామ్‌లో కనిపించేది నాళంలో పారే కాంట్రాస్ట్ మందు నీడ మాత్రమే. గోడ ఎంత మందంగా ఉంది, అందులో పేరుకున్నది మెత్తని కొవ్వా, గట్టి కాల్షియమా అన్నది ఆ నీడలో సరిగా తెలియదు. 3 మిల్లీమీటర్లు విచ్చుకోవాల్సిన స్టెంటు రెండున్నర దగ్గరే ఆగిపోతే రక్తం పారే దారి వైశాల్యం దాదాపు 30 శాతం తగ్గుతుంది. స్టెంటు మళ్లీ పూడుకుపోవడానికీ, అందులో రక్తం గడ్డకట్టడానికీ ఉన్న ముఖ్య కారణాల్లో ఇదొకటి.

దీనికి విరుగుడుగా రెండు పద్ధతులున్నాయి. ఐవస్‌లో సన్నని క్యాథెటర్‌ను నాళంలోకి పంపి అల్ట్రాసౌండ్‌తో గోడను లోపలి నుంచే చూస్తారు. ఓసీటీలో శబ్దం బదులు పరారుణ కాంతి వాడతారు. బొమ్మ ఇంకా స్పష్టంగా వస్తుంది కానీ, రక్తాన్ని పక్కకు నెట్టడానికి కాంట్రాస్ట్ మందు ఎక్కించాలి. కిడ్నీలు దెబ్బతిన్నవారికి అది ఇబ్బందే. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. యాంజియోగ్రామ్‌లో చక్కగా తెరుచుకున్నట్టు కనబడే స్టెంట్లు ఐవస్‌లో చూస్తే సగంసగమే విచ్చుకుని ఉంటున్నాయని ఇటలీ వైద్యుడు ఆంటోనియో కొలంబో బృందం 1995లోనే చూపించింది. బెలూన్‌ను ఎక్కువ ఒత్తిడితో ఉబ్బించి వాటిని పూర్తిగా తెరిచాక, అప్పటిదాకా తప్పదనుకున్న వార్ఫరిన్ లాంటి మందులు లేకుండానే రోగులు క్షేమంగా ఉన్నారు.

తర్వాత పెద్ద అధ్యయనాలూ జరిగాయి. చైనాలో 1,448 మందిపై చేసిన అల్టిమేట్ అధ్యయనంలో ఏడాదిలోపు ఆ నాళం వల్లే మళ్లీ సమస్య వచ్చినవారు ఐవస్ వర్గంలో 2.9 శాతం, యాంజియోగ్రామ్ వర్గంలో 5.4 శాతం. క్లిష్టమైన బ్లాకులున్న 1,639 మందితో కొరియాలో చేసిన అధ్యయనం 2023లో వెలువడింది. అందులో ఏడాదికి మించి గమనించాక ఆ అంకెలు ఐవస్ గానీ ఓసీటీ గానీ వాడిన వర్గంలో 7.7 శాతం, యాంజియోగ్రామ్ వర్గంలో 12.3 శాతం.

అయితే అన్ని అధ్యయనాలూ ఇలాగే తేల్చలేదు. అదే 2023లో వచ్చిన ఇల్యూమియన్-4లో 2,487 మందిని పరిశీలిస్తే, ఓసీటీ వాడినవారిలో 7.4, వాడనివారిలో 8.2 శాతం మందికి సమస్యలొచ్చాయి. గణాంకపరంగా అది తేడా కిందకు రాదు. ఈ ఫలితాన్ని దాటవేయకూడదు. కాకపోతే స్టెంటులో గడ్డకట్టడం మాత్రం 1.4 శాతం నుంచి 0.5కి తగ్గింది. అది అరుదుగా వచ్చేదే అయినా ప్రాణాంతకం. చేయి తిరిగిన వైద్యుడికి ఇదంతా ఎందుకన్నది మరో అభ్యంతరం. ఎంత నేర్పు ఉన్నా నీడలో లేనిది కంటికి ఎలా కనబడుతుంది? పొట్టి, సులువైన బ్లాకులో లాభం తక్కువన్నది నిజమే. ప్రధాన ఎడమ ధమని, కొమ్మలు చీలే చోటు, పొడవాటి బ్లాకు, కాల్షియం పట్టిన గోడ ఉన్నప్పుడు మాత్రం లోపలి చూపు లేకుండా స్టెంటు వేయడాన్ని సమర్థించడం కష్టం. 2024 యూరప్ మార్గదర్శకాలు కూడా ఇలాంటి క్లిష్టమైన బ్లాకులకు దీన్ని అత్యున్నత స్థాయిలో సిఫారసు చేశాయి.

ఇక ఖర్చు. మన దేశంలో 2017 ఫిబ్రవరిలో మందుపూత స్టెంటుకు 29,600 రూపాయల గరిష్ఠ ధర పెట్టారు. ఆ పరిమితి స్టెంటుకే. ఇమేజింగ్ క్యాథెటర్ ఖర్చు దానికి అదనం. ఆ భారం నిజమైనదే గానీ, స్టెంటులో స్టెంటు వేయించుకోవాల్సి వస్తే అయ్యే ఖర్చునూ దాని పక్కన పెట్టి చూడాలి. అత్యవసరం కాని స్టెంటు అయితే ముందుగానే డాక్టర్‌ను అడగండి: నా బ్లాకు క్లిష్టమైనదా, ఐవస్ గానీ ఓసీటీ గానీ వాడతారా, వాడకపోతే ఎందుకు?