నేల టిక్కెట్టు

ఫలానా నాటకం జయించినదనీ, ఫలానాది ఓడిపోయినదనీ మనం సులభంగా చెప్పివేస్తూ ఉంటాము. ఆ జయాపజయాలను నిర్ణయించేది ఎవరు? కవియా? నటుడా? విమర్శకుడా? లేక వాకిట నిలబడి టిక్కెట్లు చింపి ఇచ్చే మనిషియా?

భరతముని నాట్యశాస్త్రంలో సిద్ధిని గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే వ్రాశాడు. సిద్ధి దైవికమనీ, మానుషమనీ రెండు విధాలన్నాడు. ప్రేక్షకుల చిరునవ్వు, పెద్దనవ్వు, సాధువాదం, పులకరింత, ఆనందం పట్టలేక లేచి నిలబడడం, నటులకు వస్త్రాలు బహూకరించడం – ఇవన్నీ మానుషసిద్ధికి లక్షణాలు. పోటీలో నెగ్గిన వారికి పతాక ఇవ్వడాన్ని గురించి కూడా ఆయన చెప్పాడు. ఇంత వివరంగా చెప్పిన మునీంద్రుడు టిక్కెట్టు మాట మాత్రం ఎత్తలేదు. ఆనాడు ఆ అవసరం లేదు; పోషించడానికి ప్రభువులు ఉండేవారు. ప్రభువులు పోయిన తరువాత ఆ భారం ప్రేక్షకుని జేబు మీద పడినది. ఆ జేబు కథే ఈ వ్యాసానికి వస్తువు.

1980 ప్రాంతంలో, నేను పల్లెబడిలో చదువుకొనే రోజుల్లో, సెలవులకు బొబ్బిలి దగ్గర మా మేనమామగారి ఊరు వెళ్లేవాణ్ణి. సంక్రాంతి వెళ్లి, కళ్లాలు ఎత్తిన తరువాత ఆ ప్రాంతంలో నాటకాల రోజులు వచ్చేవి. ఒక రిక్షాకు మైకు కట్టి, ఊరూరా గులాబిరంగు కరపత్రాలు పంచిపెట్టేవారు. ఆ కరపత్రం చేతికి వచ్చిన సాయంకాలం టీబడ్డీ దగ్గర చిన్న సభ తీరేది. మా మామయ్య, ఒక దర్జీ, ఒక నేతగాడు, ఇద్దరు ముగ్గురు రైతులు ఆ సభకు నిత్యసభ్యులు. ఒకనాటి సంభాషణ నాకు ఇప్పటికీ జ్ఞాపకం ఉన్నది.

“ఏటి బావా, ఈ నాటకం ఆడతాదంటావా?” అన్నాడు దర్జీ.

“ముందు కిష్ణుడెవుడో సెప్పు. ఆడి గొంతు బట్టే గదా టిక్కెట్టు!”

“ఒక్క కిష్ణుడు గాదు, ముగ్గురు. కాయితం మీద ఏసినారు.”

“ముగ్గురికీ డబ్బులిచ్చి కంట్రాక్టరుకేటి మిగుల్తాది?”

“రేపు సంత. సంత డబ్బులు సేతిలో ఉంటాయి. వోన నేకపోతే నేల నిండిపోతాది. కుర్చీల సంగతి నాను సెప్పనేను.”

“కుర్చీల్లో కూకునే వోళ్లు టిక్కెట్టు కొంటారేటి? ఆళ్లందరివీ పాసులే గదా!”

ఈ మాటకు అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందులో ఉన్న చురక నాకే తగులుతుందని ఆనాడు నాకు తెలియదు.

ఆ సభ్యులలో అలంకారశాస్త్రం చదివినవాడు ఒక్కడూ లేడు. అయినప్పటికీ నాటకం ఆర్థికశాస్త్రం వారికి కరతలామలకం. పంట, సంత, వాన, పక్క ఊరి టూరింగు టాకీసులో ఆడే సినిమా, కృష్ణపాత్రధారి గొంతు, హార్మోనియం వాయించేవాని పేరు – ఈ ఆరింటినీ తూచి, ఎన్ని టిక్కెట్లు తెగుతాయో వారు ముందే చెప్పేవారు. వారి అంచనా తప్పడం అరుదు.

ఆ రోజుల్లో కంట్రాక్టు నాటకాల పద్ధతి ఏమనగా: కంట్రాక్టరు తన సొమ్ముతో ముందుగా నటులకు బయానా ఇస్తాడు. ఆ పైన పందిరి, తెరలు, దీపాలు, హార్మోనియం, కరపత్రాలు, ప్రయాణాలు – ఖర్చంతా అతనిదే. రాబడి మాత్రం ఒక్క రాత్రి గేటు మీద ఆధారపడి ఉంటుంది. వాన కురిస్తే అతడు మునుగుతాడు. అందువల్లనే ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులను దింపే ఆచారం పుట్టినది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలలో ఒక రంగానికి ఒక కృష్ణుడు, రాయబారానికి మరొక కృష్ణుడు వచ్చేవారు. ఒక్కొక్క కృష్ణునికి ఒక్కొక్క అభిమానిబృందం. ముగ్గురు కృష్ణులంటే మూడు బృందాల టిక్కెట్లు అన్నమాట. కథకు ఇది న్యాయమా అని అడిగితే కాదనే చెప్పవలె. కాని గేటు దగ్గర నిలబడినవాని కష్టం ఎరిగినవారు దానిని పూర్తిగా తప్పు పట్టలేరు.

ఈ అభిమానం వట్టి గుంపు వెర్రి అనుకోరాదు. మన ప్రాంతంలోనే, బొబ్బిలి సమీపాన వంతరాంలో 1920లో జన్మించిన పీసపాటి నరసింహమూర్తిగారు కృష్ణపాత్రకు పర్యాయపదమైనారు. 2007లో వారు దివంగతులయ్యేవరకు ఉత్తరాంధ్రలో ఏ కృష్ణుణ్ణి చూసినా జనం వారితోనే పోల్చేవారు. మా మామయ్య కూడా అంతే. కొత్త నటుడు పద్యం ఎత్తుకోగానే కళ్లు మూసుకొని వినేవాడు. రాగం సాగదీసి భావం పారేస్తే, “పాట బాగుంది గాని రాయబారం ఏది?” అని గొణిగేవాడు. నేలమీద కూర్చున్న ఆ మనిషి నాకు మొదటి నాటకవిమర్శకుడు. వన్స్‌మోర్ కేకలు వేసేవారు ఎందరో ఉంటారు. ఎందుకు వేయకూడదో తెలిసినవాడు ఒక్కడు ఉన్నా ఆ నాటకసమాజం నిలబడుతుంది.

టిక్కెట్టు లేని నాటకానికి కూడా మన జిల్లాలు పుట్టినిల్లే. విజయనగరంలో ఆనందగజపతి మహారాజు ఆదరణలో జగన్నాథ విలాసినీ సభ వారు 1892లో కన్యాశుల్కాన్ని మొదటిసారి ప్రదర్శించారు. 1897లో ఆ నాటకం అచ్చయి ఆ మహారాజుకే అంకితమైనది. ఆ సంవత్సరమే ఆయన కాలధర్మం చెందాడు. తరువాత గురజాడవారు ఆ నాటకాన్ని చాలవరకు తిరగవ్రాసి, పెంచి, 1909లో ప్రకటించారు. ఈనాడు మనం తరగతిలో చెప్పుకొనే కన్యాశుల్కం ఈ రెండవదే. రాజాస్థానపు నీడలో పుట్టిన మొదటి నాటకం కంటె, రాజు లేని కాలంలో పెరిగిన రెండవ నాటకం ఎంతో పెద్దది. పెద్దది కావడం వల్లనే దానిని ఒక్క రాత్రిలో పూర్తిగా ఆడడం కష్టమైనది. ఎవరు ఆడినా కత్తిరించి ఆడవలసినదే.

ఆ నాటకాన్ని రాజపోషణ లేని రోజుల్లో ఊరూరా త్రిప్పినవారు మరల మన ప్రాంతపువారే. జె. వి. సోమయాజులు, జె. వి. రమణమూర్తి సోదరులు దశాబ్దాల పాటు కన్యాశుల్కాన్ని ఆడారు. శంకరశాస్త్రిగా లోకానికి తెలిసిన సోమయాజులుగారు అంతకు పూర్వమే రామప్పపంతులుగా ఆంధ్రదేశానికి తెలుసు. రమణమూర్తిగారు 2016లో మరణించేవరకు గిరీశం అంటే ఆయనే. ఒక నాటకం వందేళ్లు బ్రతకడానికి అచ్చుపుస్తకం ఒక్కటే చాలదు. ఇటువంటి మొండి మనుషులు కావలె, వారిని చూడడానికి మరల మరల వచ్చే జనమూ కావలె.

గేటు సొమ్ము మీదనే ఒక వంశం వంశమే బ్రతకవచ్చునని నిరూపించినవారు సురభివారు. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో కీచకవధతో ప్రారంభించి, తరతరాలుగా వారు టిక్కెట్టు పెట్టి నాటకాలాడుతున్నారు. తాత తెర లాగితే, తండ్రి వేషం వేస్తే, మనుమరాలు గేటు దగ్గర నిలబడేది. ఆనాటి రాబడే మరునాటి అన్నం. అందువల్ల ప్రేక్షకుణ్ణి వారు ఒక్కనాడూ తేలికగా చూడలేదు. మాయాబజారులో గాలిలో తేలే వస్తువులకు, మంటలకు, వానకు వారు పడే శ్రమంతా ఆ నేల టిక్కెట్టువానికి ఇవ్వవలసిన బదులు.

ఇక పరదేశం మాట. న్యూయార్కు నగరంలో బ్రాడ్వే అని పేరుపొందిన నాటకశాలల పేట ఉన్నది. అక్కడ వారానికి ఎనిమిది ఆటలు ఆడడం రివాజు. ఏ నాటకానికి ఎంత సొమ్ము వసూలైనదో, ఎన్ని కుర్చీలు నిండినవో వారం వారం లెక్క ప్రకటిస్తారు. నాటకాభిమానులు ఆ అంకెలను మన రైతులు ధాన్యం ధరలను చూసినట్లు చూస్తారు. 1968లో ‘హెయిర్’ అనే నాటకంతో అక్కడ రాక్ సంగీతానికి పెద్ద వాకిలి తెరచుకొన్నది. 1996లో ‘రెంట్’ అనే మరొక రాక్ సంగీతనాటకం వచ్చినది. దానిని వ్రాసి సంగీతం కూర్చిన జోనాథన్ లార్సన్ 35 ఏళ్ల వయస్సులో, జనం ముందు తొలి ప్రదర్శనకు ముందురోజు తెల్లవారుజామున మరణించాడు. ఆ నాటకం బ్రాడ్వేలో 12 సంవత్సరాలు, 5,123 ఆటలు ఆడినది. ముందరి రెండు వరుసలను 20 డాలర్లకే ఇచ్చేవారు. ఆ టిక్కెట్టు కోసం కుర్రకారు రాత్రంతా కాలిబాట మీద పడుకొనేవారు. రద్దీ పెరిగిన తరువాత చీట్లు తీసి ఇవ్వవలసి వచ్చినది.

ఇందులో మనం గమనించవలసిన సంగతి ఒకటున్నది. మన ఊళ్లో వేదికకు దగ్గరి స్థలం నేలదే. కుర్చీలు దాని వెనుక. బీదవాడు ముందు కూర్చుంటాడు. నటుని చెమట అతనికే కనబడుతుంది. ‘రెంట్’ వారు 20 డాలర్ల టిక్కెట్టును ముందు వరుసకు పెట్టి చేసిన పని, మన పల్లెపందిరిలో ఎవరూ చెప్పకుండానే జరిగినదే. చవక టిక్కెట్టు కొన్న అభిమానే ఆ నాటకాన్ని పదిసార్లు చూసి, పదిమందికి చెప్పి, పన్నెండేళ్లు నిలబెట్టాడు.

అయితే అభిమానుల జోస్యం అన్నివేళలా ఫలించదు. మన ఏ. ఆర్. రెహమాన్ సంగీతంతో ‘బాంబే డ్రీమ్స్’ 2004 ఏప్రిల్‌లో బ్రాడ్వే ఎక్కినది. లండనులో ఆదరణ పొందిన ఆ నాటకం అక్కడ 284 ఆటలతో 2005 జనవరి 1న మూతపడినది. పెద్ద పేరు మొదటి వారం టిక్కెట్లు తెంపగలదు. నూరవ వారం టిక్కెట్టు తెంపేది నాటకమే.

గేటును మాత్రమే నమ్ముకొన్న నాటకానికి పట్టే గతి కూడా విద్యార్థులు తెలుసుకోవలె. కాళ్లకూరి నారాయణరావుగారు వేశ్యావ్యసనాన్ని ఖండించడానికి చింతామణి వ్రాశారు. తరువాతి కాలంలో జనాన్ని నవ్వించడానికి సుబ్బిశెట్టి పాత్రలో ప్రదర్శకులు మోటుమాటలు చేరుస్తూ పోయారు. టిక్కెట్లు తెగినవి, నాటకం మర్యాద తెగినది. ఆ పాత్ర తమను కించపరుస్తున్నదని ఆర్యవైశ్యులు ఆక్షేపించగా, 2022 జనవరిలో రాష్ట్రప్రభుత్వం ఆ ప్రదర్శనను నిషేధించినది. వివాదం హైకోర్టుకు చేరినది. నిషేధం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. కవి వ్రాయని మాటల భారాన్ని కవి నాటకం మోయవలసి వచ్చినదన్నది మాత్రం నిజం.

ఇక నా తప్పు చెప్పుకొనవలె. తెలుగు చెప్పే లెక్చరరును కనుక, పట్టణంలో ఏ నాటకం జరిగినా నాకు పాసు వచ్చేది. ముప్పై ఏళ్ల పాటు ముందు కుర్చీల్లో కూర్చొని, వేదిక ఎక్కి నాటకరంగం క్షీణించినదని ఉపన్యాసాలు ఇచ్చాను. కొన్నేళ్ల కిందట మా విద్యార్థులు కన్యాశుల్కంలో కొన్ని రంగాలు ఆడుతామన్నారు. ఇరవై రూపాయల టిక్కెట్టు పెట్టుదామన్నది ఒక విద్యార్థిని. ఉపాధ్యాయుల గదిలో వాదం బయలుదేరినది. “ఊరకే రమ్మంటేనే రారు, డబ్బిచ్చి వస్తారా?” అన్నవారిలో నేనూ ఒకణ్ణి.

ఆ సాయంకాలం సగం హాలు నిండినది. వచ్చినవారిలో కొన్నవారి కంటె పాసువారే ఎక్కువ. ఆ పాసులలో పది నేను పంచినవే. తొంభయ్యో పడిలో ఉన్న మా మామయ్యను పిలిచి, ఒక పాసు చేతిలో పెట్టాను. ఆయన దానిని నా జేబులోనే తిరిగి పెట్టి, పంచె ముడి విప్పి ఇరవై రూపాయలు తీసి, ఆ పిల్లకు ఇచ్చి టిక్కెట్టు తీసుకొన్నాడు. “డబ్బిచ్చి సూస్తే నచ్చనేదని సెప్పొచ్చురా. పాసు మీద సూస్తే బాగుందనే సెప్పాల” అన్నాడు.

నాటకం అయిన తరువాత ఆ విద్యార్థిని వచ్చి, “తాతగారూ, ఎలా ఉన్నది?” అని అడిగినది. మధురవాణి వేషం ఆమెదే. “ఆకరి మాటలు వొడివొడిగా మింగేసినావమ్మా. మిగతాదంతా బాగుంది. రేపు మళ్లీ ఆడితే మళ్లీ కొంటాను” అన్నాడు. నేను ముప్పై ఏళ్లుగా “చాలా బాగున్నది” అని చెప్పుతూ వచ్చిన నటులందరూ ఆ క్షణంలో నాకు జ్ఞాపకం వచ్చారు. వారిలో ఎవరికీ నా మాట వల్ల ఒక్క పద్యమైనా మెరుగుపడి ఉండదు.

ఆ మరుసటి సంవత్సరమే మామయ్య వెళ్లిపోయాడు. ఆ టిక్కెట్టు ముక్క ఆయన పెట్టెలో, పాత గులాబిరంగు కరపత్రాల మధ్య దొరికినది.

శ్రీకాకుళంలో బాపూజీ కళామందిరం, విజయనగరంలో ఆనందగజపతి కళాక్షేత్రం ఉన్నవి. వేదికలకు కొరత లేదు. కావలసినది పాసు వద్దనే ఉపాధ్యాయుడు, ఇంటికి పోయి నాటకం మంచిచెడ్డలను తండ్రితో వాదించే విద్యార్థి. ఈసారి మీ ఊరికి నాటకం వచ్చినప్పుడు పదిమంది పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లండి. తలా ఒక టిక్కెట్టు కొనిపించండి. మరునాటి తరగతిలో మొదటి పావుగంట, ఎందుకు నచ్చినదో, ఎందుకు నచ్చలేదో వారిచేతనే చెప్పించండి. నేనిప్పుడు ఆ పనే చేస్తున్నాను. పాసు పంపినవారికి దానిని తిప్పి పంపుతున్నాను.