మీకు తెలుసా? విశాఖ బండిని కింద నుంచి చూడాలి
ఒకప్పుడు ఏపీ 31 అని ఉంటే బండి విశాఖదని ఇట్టే తెలిసేది. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 సిరీస్ వచ్చాక ఆ ఆనవాలు పోయింది. ఇప్పుడు ఆర్‌సీలో చిరునామా చూడాల్సిందే. ఎందుకీ ఆరా అంటే, సముద్రపు ఉప్పుగాలి తగిలిన బండికి తుప్పు ముందు అడుగున పడుతుంది. సెకండ్‌హ్యాండ్ బ్రెజా అయినా, ఎకోస్పోర్ట్ అయినా లిఫ్ట్ ఎక్కించి సైలెన్సర్ అతుకులు, బ్రేకు పైపులు, సస్పెన్షన్ బోల్టులు చూడండి. అడుగున కొత్తగా నల్లకోటింగు కొట్టి ఉందా? అనుమానం రెట్టింపు చేసుకోండి! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడిన ఊరిది. అందుకని అప్పటికే రోడ్డెక్కిన బండైతే సీటుబెల్టును చివరిదాకా లాగండి. నీట మునిగిన బండిని ఎంత కడిగినా, లోపల చుట్టుకుని ఉండే ఆ పట్టీ మీద తరచూ బురదచార మిగిలే ఉంటుంది.