ట్యాబ్‌లో ‘వైరస్’ అని అరుస్తోందా? కంగారు పడకండి!

ఆదివారం మధ్యాహ్నం. మీరు అడిగారని అమ్మ ట్యాబ్‌లో పనీర్ బటర్ మసాలా ఎలా చేయాలో చూస్తోంది. కొలతల దగ్గరికి వచ్చిందో లేదో... ఠక్కున స్క్రీన్ మొత్తం ఎర్రగా మారిపోయింది. ‘మీ ట్యాబ్‌లో 13 వైరస్‌లు ఉన్నాయి! 2 నిమిషాల్లో మీ ఫొటోలన్నీ పోతాయి!’ అంటూ కౌంట్‌డౌన్ మొదలైంది. పైగా ట్యాబ్ బర్రుమని వణుకుతోంది.

అమ్మ ఏం చేస్తుంది? కంగారులో ‘క్లీన్ నౌ’ నొక్కేస్తుంది. లేదంటే ట్యాబ్ ఆఫ్ చేసి పక్కన పెట్టేసి, ‘నేనే ఏదో పాడు చేశాను’ అనుకుని ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటుంది. మోసగాళ్లకు కావాల్సింది ఈ రెండే.. కంగారు, మౌనం!

అసలు వాళ్లకెలా తెలుసు?

ముందు ఒక విషయం తెలుసుకోండి. బ్రౌజర్‌లో తెరిచిన వెబ్ పేజీ మీ ట్యాబ్‌ను స్కాన్ చేయలేదు. లోపల ఎన్ని వైరస్‌లున్నాయో లెక్కపెట్టడం దాని వల్ల కాదు. ఆ 13 అనే అంకె అందరికీ కనిపించేదే!

మరి మన ఊరి పేరు, ట్యాబ్ కంపెనీ పేరు ఎలా చెబుతోందంటారా? మీరు ఏ సైట్ తెరిచినా, ఎలాంటి డివైజ్ వాడుతున్నారో బ్రౌజర్ కొంత సమాచారం ఇస్తుంది. ఐపీ అడ్రస్‌ను బట్టి ఏ ప్రాంతమో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఆండ్రాయిడ్‌లో స్క్రీన్‌ని తాకాక వైబ్రేట్ చేయడమూ వెబ్ పేజీకి చేతనవుతుంది. ఇందులో హ్యాకింగ్ ఏమీ లేదు, అంతా హడావుడే.

ఐప్యాడ్ ఉంది కదా, మనకేం భయం అనుకుంటున్నారా? 2017లో ఐఫోన్, ఐప్యాడ్ వాడేవాళ్లకూ ఈ బెడద తప్పలేదు. సఫారీ బ్రౌజర్‌లో ‘ఓకే’ నొక్కిన కొద్దీ అదే మెసేజ్ మళ్లీ మళ్లీ వచ్చేది. బ్రౌజర్ లాక్ అయిపోయిందని నమ్మించి, గిఫ్ట్ కార్డుల రూపంలో డబ్బు గుంజేవారు. నిజానికి బ్రౌజర్ డేటా క్లియర్ చేస్తే చాలు, సమస్య పోయేది. తర్వాత ఐఓఎస్ 10.3 అప్‌డేట్‌తో యాపిల్ ఆ దారి మూసేసింది.

పోలీసు వేషం కూడా!

ఇంకో రకం ఉంది. ‘మీరు నిషేధిత సైట్ చూశారు, మీ బ్రౌజర్ లాక్ చేశాం, జరిమానా కట్టండి’ అని ప్రభుత్వ చిహ్నాలతో సహా వస్తుంది. 2021లో ఇలాంటి ముఠానే ఢిల్లీ పోలీసులు పట్టుకున్నారు. వాళ్లు అడిగేది రూ.3,000. పరువు పోతుందన్న భయంతో చాలామంది గప్‌చుప్‌గా కట్టేస్తారన్నదే ఈ మోసంలో అసలు కిటుకు. ఒక్కటి గుర్తుంచుకోండి.. ఏ పోలీసూ పాప్‌అప్‌లో జరిమానా వసూలు చేయడు.

వెంటనే ఏం చేయాలి?

* ఆ బాక్స్‌లో దేన్నీ ముట్టుకోవద్దు. మూలన ఉన్న ఇంటూ గుర్తు కూడా బొమ్మే కావచ్చు. అది నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుంటుంది.

* బ్రౌజర్‌కి సొంతంగా ఉండే ట్యాబ్‌ల బటన్‌తోనే ఆ పేజీ మూసేయండి. కుదరకపోతే, రీసెంట్ యాప్స్‌లోకి వెళ్లి బ్రౌజర్‌నే పక్కకు తోసేయండి.

* మళ్లీ తెరిచినప్పుడు అదే పేజీ వస్తోందా? ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేసి, వైఫై కూడా ఆపి, అప్పుడు తెరిచి మూసేయండి. నెట్ లేకపోతే అది లోడ్ అవదు.

* తర్వాత బ్రౌజర్ సెట్టింగ్స్‌లో హిస్టరీ, సైట్ డేటా క్లియర్ చేయండి.

మూసినా మళ్లీ వస్తోందంటే...

ఎప్పుడో ఏదో సైట్‌లో ‘మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి’ అంటే నొక్కేసి ఉంటారు. అది నోటిఫికేషన్లు పంపుకోమని మీరిచ్చిన పర్మిషన్! క్రోమ్ సెట్టింగ్స్‌లో, సైట్ సెట్టింగ్స్ కింద నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి, తెలియని సైట్లన్నిటినీ బ్లాక్ చేయండి. బ్రౌజర్ తెరవకుండానే హోమ్ స్క్రీన్ మీద యాడ్స్ పడుతున్నాయా? అయితే ఈమధ్య వేసుకున్న ఏదో యాప్ మీద అనుమానపడాల్సిందే. టార్చ్, క్లీనర్, ఉచిత గేమ్.. ఏదైతే అది అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి.

నొక్కేశాం, ఇప్పుడెలా?

కేవలం నొక్కి వెనక్కి వచ్చేస్తే సాధారణంగా ఏమీ కాదు. కానీ ఏదైనా ఏపీకే ఫైల్ ఇన్‌స్టాల్ చేసినా, స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకున్నా వెంటనే నెట్ ఆపేయండి, ఆ యాప్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి. కార్డు నంబరో, ఓటీపీయో ఇచ్చినా, డబ్బు పోయినా బ్యాంకుకు చెప్పి కార్డు, ఖాతా బ్లాక్ చేయించండి. 1930కి ఫోన్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. పోయిన డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు చకచకా మారిపోతుంది కాబట్టి, ఎంత త్వరగా చెబితే దాన్ని మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ‘రేపు చూద్దాంలే’ అనుకోవద్దు.

చివరగా ఒక్క మాట

ఇంట్లో ఫోన్లూ ట్యాబ్‌లూ బాగుచేసే ‘ఇంజినీర్’ మీరే కదా! అమ్మో, తాతయ్యో ట్యాబ్ పట్టుకొచ్చి ‘ఇదేదో వచ్చిందిరా’ అంటే, ‘నీకెన్నిసార్లు చెప్పాలి!’ అని కసురుకోకండి. ఈసారి మీరు తిడితే, వచ్చేసారి వాళ్లు మీకు చెప్పరు. అప్పుడు వాళ్ల మాట వినడానికి ఆ పాప్‌అప్‌లో ఉన్న నంబరువాడు రెడీగా ఉంటాడు. వాడు చాలా మర్యాదగా మాట్లాడతాడు కూడా!

ఇవాళే ఇంట్లో అందరి ఫోన్లూ తీసుకుని నోటిఫికేషన్ పర్మిషన్లు ఓసారి చూడండి. 1930 నంబరు సేవ్ చేసిపెట్టండి. ‘ఏదొచ్చినా ముందు నన్ను పిలువు’ అని చెప్పండి. ఏ యాంటీ వైరస్ అయినా ఆ మాట తర్వాతే!