ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పోయిందా? పాత కారును మాన్యువల్‌గా మార్చే ముందు ఇవి తప్పక తెలుసుకోండి!

పాత ఆటోమేటిక్ కారు గేర్‌బాక్స్ పాడైందంటే ఓనర్ గుండె జారిపోతుంది. రిపేర్ ఎస్టిమేట్ చూస్తే కారు మొత్తం అమ్మినా అంత రాదేమో అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే షెడ్డులో ఓ మాట వినిపిస్తుంది.. "ఆటోమేటిక్ పీకేసి మాన్యువల్ పెట్టేద్దాం సార్, గొడవ వదిలిపోద్ది" అని. ఇది అసలు కుదిరే పనేనా? చాలా కార్లలో కుదురుతుంది. కానీ గేర్‌బాక్స్ మారిస్తే పనైపోతుందనుకుంటే పొరపాటే. అసలు ఖర్చు, అసలు ప్రమాదం దాని చుట్టూ ఉన్న సామాన్లు, వైరింగ్, రూల్స్ దగ్గరే ఉంటాయి.

ముందు మీది ఏ రకం ఆటోమేటిక్?

మన రోడ్ల మీద ప్రధానంగా నాలుగు రకాలు కనిపిస్తాయి. టార్క్ కన్వర్టర్ రకంలో ఇంజిన్ శక్తి ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు చేరుతుంది. సీవీటీలో పళ్ల గేర్లకు బదులు రెండు పుల్లీలు, వాటి మధ్య బెల్టు పనిచేస్తాయి. డ్యూయల్ క్లచ్‌లో పేరుకు తగ్గట్టే రెండు క్లచ్‌లు ఉంటాయి.

నాలుగోది ఏఎంటీ. మన దేశంలో 2014లో మారుతీ సెలెరియోతో ఇది సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. ఇందులో ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. కాలితో క్లచ్ తొక్కే పని, చేత్తో గేరు మార్చే పని మాత్రం కంప్యూటర్ చెప్పినట్టు యాక్చుయేటర్లు చేస్తాయి. కాబట్టి ఏఎంటీ మొరాయిస్తే చాలాసార్లు క్లచ్‌నో, యాక్చుయేటర్‌నో చూసుకుంటే సరిపోతుంది. మొత్తం మార్చాల్సిన అవసరమే రాకపోవచ్చు.

మిగతా రకాల్లోనూ గేర్‌బాక్స్ మొత్తం పోయిందని వెంటనే నమ్మేయకండి. ఆయిల్ తగ్గినా, పాతబడినా, లోపలి సోలినాయిడ్ వాల్వ్‌లు పాడైనా గేర్లు జారడం, కుదుపులు రావడం జరుగుతుంది. ముందు స్కానర్ పెట్టించి ఏ కోడ్ వస్తోందో చూడాలి.

ఏమేం మారాలంటే..

విదేశాల్లో ఈ మార్పిడి కొత్తేం కాదు. 1998 నుంచి అమ్ముడైన బీఎండబ్ల్యూ 3 సిరీస్ 'ఈ46' కార్లను అమెరికాలో కార్ల పిచ్చి ఉన్నవాళ్లు ఇలా మార్చుకుంటుంటారు. అక్కడ అది కుదరడానికి కారణం ఒక్కటే. అదే మోడల్ కంపెనీ నుంచి మాన్యువల్‌గానూ వచ్చింది. అంటే బాడీ అదే, ఇంజిన్ అదే, సామాన్లన్నీ కంపెనీవే దొరుకుతాయి. అయినా వాళ్ల లిస్టు చిన్నదేం కాదు.

• గేర్‌బాక్స్, దాన్ని మోసే మౌంట్.
• ఫ్లైవీల్, క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్. ఆటోమేటిక్‌లో ఉండే పల్చటి ఫ్లెక్స్ ప్లేట్ మీద క్లచ్ పనిచేయదు.
• క్లచ్ పెడల్‌తో కూడిన పెడల్ సెట్. ఆటోమేటిక్ బ్రేక్ పెడల్ వెడల్పుగా ఉంటుంది కాబట్టి అదీ మార్చాలి.
• క్లచ్ మాస్టర్ సిలిండర్, స్లేవ్ సిలిండర్, వాటి పైపులు.
• గేర్ లివర్, దాని లింకేజీ.
• వెనక చక్రాలు తిరిగే కార్లలో పొడవైన ప్రొపెల్లర్ షాఫ్ట్. ముందు చక్రాలు తిరిగే కార్లలో డ్రైవ్ షాఫ్ట్‌లు సరిపోతాయో లేదో చూసుకోవాలి.
• చివరగా కంప్యూటర్. 'ఈ కారు ఇప్పుడు మాన్యువల్' అని ఇంజిన్ ఈసీయూకు కోడింగ్ చేయాలి. లేదంటే లేని గేర్‌బాక్స్ కోసం వెతుకుతూ వార్నింగ్ లైట్ వెలిగిస్తూనే ఉంటుంది.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట గేర్‌బాక్స్ ఒక్కటే చవగ్గా దొరికిందని తొందరపడొద్దు. ఒక్కో సామాను విడిగా వెతకడం మొదలుపెడితే ఖర్చు చేయి దాటిపోతుంది. అదే మోడల్, అదే ఇంజిన్ ఉన్న ఒకే మాన్యువల్ కారు నుంచి సామాన్లన్నీ తీసుకోవడమే మేలు.

ప్రాణాల మీదకు తెచ్చే పొరపాటు ఇదే!

ఆటోమేటిక్ కారు 'పి' లేదా 'ఎన్'లో ఉంటేనే స్టార్ట్ అవుతుంది. ఆ సిగ్నల్ ఇచ్చే స్విచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో ముడిపడి ఉంటుంది. దాన్ని తీసేశాక తాళం తిప్పినా సెల్ఫ్ కొట్టదు. అప్పుడు కొందరు రెండు వైర్లు కలిపేసి పని ముగించేస్తారు.

దాంతో వచ్చే ముప్పేంటి? కారు మొదటి గేరులో ఉన్నప్పుడు తాళం తిప్పితే చాలు, ముందుకు దూకుతుంది. రివర్స్‌లో ఉంటే వెనక్కి వెళ్తుంది. ఇంటి ముందు పిల్లలు ఆడుకుంటుంటే పరిస్థితి ఏంటో ఊహించుకోండి. అందుకే క్లచ్ పెడల్ దగ్గర స్విచ్ పెట్టి, పెడల్ పూర్తిగా తొక్కితేనే స్టార్ట్ అయ్యేలా వైరింగ్ చేయించాలి. రివర్స్ లైట్ వెలుగుతోందో లేదో కూడా చూసుకోవాలి.

హ్యాండ్ బ్రేక్ సంగతి మర్చిపోవద్దు. ఆటోమేటిక్‌లో 'పి' వేస్తే గేర్‌బాక్స్ లాక్ అవుతుంది కాబట్టి చాలామంది హ్యాండ్ బ్రేక్ ముట్టుకోరు. ఏళ్ల తరబడి వాడకపోతే కేబుల్ పట్టేసి ఉండొచ్చు. మాన్యువల్‌లో 'పి' ఉండదు. వాలులో కారు ఆగేది హ్యాండ్ బ్రేక్ మీద, వేసి ఉంచిన గేరు మీదే.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడాగా ఉండేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో సెక్షన్ 182ఏ చేరింది. అనుమతి లేని మార్పులు చేసిన ఓనర్‌కు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

చాలా ఆర్సీల్లో మోడల్ పేరుతో పాటు వేరియంట్ కూడా రాసి ఉంటుంది. అక్కడ 'ఏటీ', 'ఏఎంటీ' అని ఉంటే కారులో మూడు పెడల్స్ కనిపించగానే ప్రశ్నలు మొదలవుతాయి. అందుకే పని మొదలుపెట్టే ముందే ఆర్టీవో ఆఫీసులో అడిగి, అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇన్సూరెన్స్ కంపెనీకీ తెలియజేయాలి. చెప్పకుండా మార్చేస్తే, రేపు యాక్సిడెంట్ జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గర ఇబ్బంది తప్పకపోవచ్చు.

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారు ఇంకోటి గమనించాలి. అక్కడ ఆటోమేటిక్ కారులో టెస్ట్ పాసై తీసుకున్న లైసెన్స్‌తో మాన్యువల్ కారు నడపడం కుదరదు.

మరి ఏం చేయాలి?

నాలుగు లెక్కలు పక్కపక్కన పెట్టుకోండి. ఒకటి, ఉన్న గేర్‌బాక్స్ రిపేర్ ఖర్చు. రెండు, అదే రకం సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ధర. మూడు, పైన చెప్పిన సామాన్లు, కోడింగ్, లేబర్ అన్నీ కలిపి మాన్యువల్‌గా మార్చే ఖర్చు. నాలుగు, మీ కారును ఉన్నదున్నట్టు అమ్మేసి అదే మోడల్ మాన్యువల్ కారు కొంటే పైన పడే డబ్బు.

మీ మోడల్ మాన్యువల్‌గా అసలు రాకపోయినా, ఆర్టీవో అనుమతి దొరకకపోయినా మూడో లెక్కను అక్కడితో వదిలేయడమే మంచిది. ఆ రెండూ ఉండి, ఇంజిన్, బాడీ గట్టిగా ఉన్న కారు అయితేనే ఈ మార్పిడి గురించి ఆలోచించొచ్చు.