జమీందారులు పోయిన తర్వాత

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినప్పుడు పుంగనూరు, కంగుంది, కాళహస్తి, కార్వేటినగరం జమీందారీలు దాని పటం మీద పెద్ద పెద్ద మచ్చల్లా కనిపించేవి. శిస్తు వసూలు చేసేదీ జమీందారే, చెరువు కట్ట తెగితే బాగు చేయించవలసినదీ జమీందారే. మొదటి పనికున్న తొందర రెండవ దానికి వుండేది కాదు. చెరువులే గతి అయిన సీమలో దీని ఫలితమేమిటో వేరే చెప్పాలా? 1908 నాటి చట్టం రైతుకు జిరాయితీ హక్కు యిచ్చింది. దాన్ని నిలుపుకోవటానికి మాత్రం కోర్టు మెట్లెక్కాలి.

ఒక్కడు ఎక్కలేని మెట్లు పదిమందీ కలిసి ఎక్కవచ్చునని రైతు సంఘాలు వెలిశాయి. ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చిన నిడుబ్రోలు వాసి ఆచార్య ఎన్.జి. రంగా వాటికి నాయకుడు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, రంగా కార్యదర్శి. మదరాసు రెవిన్యూ మంత్రి ప్రకాశంగారి సంఘం 1938లో భూమి రైతుదేనని తేల్చింది. మరుసటి యేడు మంత్రివర్గం రాజీనామా చేయటంతో అది కాగితం మీదనే నిలిచింది. చివరకు 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చింది.

చిక్కు అక్కడే మొదలయింది. జిరాయితీదారు పట్టాదారయ్యాడు. అతని పొలం కోరుకు చేసేవాడు, కూలికి వచ్చేవాడు ఎక్కడివారక్కడే వున్నారు. జమీందారు ఎదురుగా వున్నంతకాలం వీరంతా "రైతులే". ఆయన పోగానే ఎవరి లెక్క వారిది. అంతకుముందే కిసాన్ సభ కమ్యూనిస్టుల చేతికి పోయింది.

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు సహకార వ్యవసాయాన్ని, భూపరిమితిని తీర్మానించింది. రంగా కాంగ్రెసును వదిలి, రాజాజీ స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యాడు. జమీందారు నుంచి భూమి అడిగిన గొంతే యిప్పుడు రైతు భూమి జోలికి రావద్దన్నది! ఆయన దృష్టిలో రెండూ ఒకే మాట. భూమి లేనివాడికి మాత్రం అలా వినపడలేదు.

1962 ఎన్నికల్లో రంగా తెనాలిలో ఓడాడు. తిరుచానూరువారైన అనంతశయనం అయ్యంగారు బీహారు గవర్నరుగా వెళ్లగా ఖాళీ అయిన చిత్తూరు స్థానం ఉప ఎన్నికలో ఆయనను లోకసభకు పంపింది. 1967లో అదే చిత్తూరు కాంగ్రెసు అభ్యర్థి ఎన్.పి. చెంగల్రాయ నాయుడుగారిని గెలిపించింది.

భూపరిమితి చట్టం 1961లోనే వచ్చిందిగాని దాని కొలత 27 ఎకరాల నుంచి 324 దాకా సాగింది. 1973 చట్టం దాన్ని మాగాణికి 10–27, మెట్టకు 35–54 ఎకరాలకు దించింది. అప్పటికి స్వతంత్ర పార్టీయే మూతపడబోతున్నది.