పాత కంప్యూటర్‌లో స్థలం చాలడం లేదా? డిస్క్ కొనేముందు చూసుకోవాల్సినవి

హౌరా: ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ చివరి స్టేషన్‌గా తెలుగువారికి పరిచయమైన హౌరాలో కంప్యూటర్ విడిభాగాలకు చాలామంది నది దాటి కోల్‌కతాలోని చాందనీ చౌక్‌కు వెళతారు. ఇది ఢిల్లీలోని చాందనీ చౌక్ కాదు, పేరు మాత్రమే ఒకటి. 2024 మార్చిలో హుగ్లీ నది అడుగున మెట్రో మొదలయ్యాక ఈ ప్రయాణం సులువైంది. ఎస్‌ప్లనేడ్‌లో లైను మారితే తరువాతి స్టేషనే చాందనీ చౌక్. అయితే ఇంట్లో ఉన్న కంప్యూటర్ మూత తీసి చూడకుండా బయలుదేరితే రెండోసారి వెళ్లాల్సి రావచ్చు.

డిస్క్‌కు వెళ్లే తీగ వెడల్పాటి పట్టీలా ఉంటే అది ఐడీఈ పద్ధతి. అంత పాత యంత్రంపై డబ్బు పెట్టడం కంటే, అందులోని ఫైళ్లను బయటకు తెచ్చుకోవడమే మేలు. తీగ సన్నగా ఉండి, చివర ‘ఎల్’ ఆకారపు కనెక్టర్ ఉంటే అది సాటా. 2003 నుంచి వాడుకలోకి వచ్చిన ఈ పద్ధతికి తగిన డిస్కులు నేటికీ దొరుకుతున్నాయి. మదర్‌బోర్డుపై సాటా పోర్టు, ఎస్‌ఎంపీఎస్ నుంచి విద్యుత్ తీగ ఖాళీగా ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే ఎవరూ వాడని డీవీడీ డ్రైవ్‌ను తీసేస్తే రెండూ దొరుకుతాయి.

హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీయా అన్నది తరువాతి ప్రశ్న. హార్డ్ డిస్క్‌లో ప్రతి ఫైలు కోసం ఒక చిన్న చేయి తిరిగే పళ్లెంపై చోటు వెతుక్కోవాలి. వెతికిన ప్రతిసారీ కొన్ని మిల్లీసెకన్లు పోతాయి. విండోస్ తెరుచుకునేటప్పుడు ఇలాంటి వెతుకులాటలు వేలల్లో ఉంటాయి. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలే లేవు. అందుకే పాత సాటా పోర్టుకు తగిలించినా తేడా స్పష్టంగా తెలుస్తుంది. విండోస్‌కు చిన్న ఎస్‌ఎస్‌డీ, ఫొటోలు, వీడియోలకు పెద్ద హార్డ్ డిస్క్ అన్నది సాధారణ కుటుంబానికి సరిపోయే ఏర్పాటు. పాత బయోస్ ఉన్న యంత్రంలో విండోస్ ఉండే డిస్క్‌ను ఎంబీఆర్ పద్ధతిలోనే విభజించాలి. ఆ పద్ధతికి 2 టీబీ దాటిన భాగం అందదు.

స్థలం పెరిగినంత మాత్రాన ఫైళ్లు భద్రమైనట్టు కాదు. ఏళ్ల తరబడి తిరిగిన పాత డిస్క్‌లోనే పెళ్లి ఫొటోలు, ధ్రువపత్రాల ప్రతులు ఉంటే, కొత్త డిస్క్ రాగానే చేయాల్సిన మొదటి పని వాటిని అందులోకి కాపీ చేయడం. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాం పాత డిస్క్ ఆరోగ్యం చెబుతుంది. ‘కాషన్’ అని పసుపు రంగులో చూపితే ఆ రోజే కాపీ తీసుకోవాలి. మరో ప్రతి కంప్యూటర్ బయట ఉండాలి. అందుకు ఎస్‌ఎస్‌డీని నింపి ఏళ్ల తరబడి బీరువాలో పెట్టడం తగదు. విద్యుత్ అందకపోతే అందులోని సమాచారం క్రమంగా చెదిరిపోయే అవకాశం ఉంది.

మరీ చౌకగా 16 టీబీ అంటూ అమ్మే బయటి డ్రైవ్‌ల జోలికి పోకపోవడం మంచిది. వాటిలో చాలావరకు చిన్న మెమరీ కార్డును దాచి, కంప్యూటర్‌కు తప్పుడు సంఖ్య చూపించేవే. నిజమైన చోటు నిండాక రాసిన ఫైళ్లు కనిపిస్తాయి గానీ తెరుచుకోవు. కొన్నది ఏదైనా, హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ వంటి ప్రోగ్రాంతో చివరిదాకా నింపి పరీక్షించాకే ముఖ్యమైనవి అందులో పెట్టాలి.

బిగించాక కొత్త డిస్క్ కనిపించలేదని కంగారు పడనక్కర్లేదు. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌కు వెళ్లి దాన్ని ఇనిషియలైజ్ చేసి, ఫార్మాట్ చేయాలి. 1 టీబీ డిస్క్ 931 జీబీగా కనిపించడం మోసం కాదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తే విండోస్ 1,024 చొప్పున లెక్కిస్తుంది. జాగ్రత్త అవసరమైంది ఒక్కచోటే. అదే తెరపై పాత డిస్క్ కూడా ఉంటుంది. ఫార్మాట్ నొక్కేముందు పరిమాణం చూసి అది కొత్తదేనని నిర్ధారించుకోవాలి. ఏది ఏదో తేలకపోతే కంప్యూటర్ ఆపి, పాతదాని తీగ తాత్కాలికంగా తీసేసి మళ్లీ తెరవడం సురక్షితం.